విశాఖ తీరంలో సముద్ర గుహలు, రాతి తోరణాలు: పాటు లెక్క నుంచి తిరుగు దారి దాకా

ఆదివారం పదింటికి ఇంట్లో బయల్దేరి, దారిలో గుహలు చూసేసి, భీమిలిలో భోంచేసి వద్దామనుకుని వెళ్లేవాళ్లు చాలామంది. తీరా చేరేసరికి రాళ్లు సగం నీళ్లలో ఉంటాయి. అక్కడ రెండు ఫొటోలు తీసుకుని వెనక్కి వస్తే నష్టం లేదు. ఇంత దూరం వచ్చాం కదా అని నీళ్లలోకి దిగితేనే ప్రమాదం.

"గుహ ఎక్కడుంది, ఎలా వెళ్లాలి?" అని అందరూ అడుగుతారు. చోటు తెలుసుకోవడం తేలిక. ఏ రోజు, ఏ గంటకు వెళ్లి, ఏ గంటకు బయటపడాలన్నదే అసలు లెక్క. ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం దానికే.

## 1. ఏం చూడబోతున్నారు

బొర్రా గుహల్లాంటివి ఊహించుకోకండి. బొర్రాలో సున్నపురాయి నీటికి కరిగి గుహ అయింది. మన సముద్రపు ఒడ్డున రాయి అలా కరగదు. కెరటం కొడుతుంటే రాయి బలహీనంగా ఉన్నచోట విరిగిపోతుంది. అందుకే మన తీరంలో కనిపించేవి ఎక్కువగా నిలువు నెర్రెలు, కొద్ది అడుగుల లోతున్న గుహనోళ్లు, బండల కింద తొలిచిన గూళ్లు. ఒకటి రెండు చోట్ల రాతి తోరణాలు, విడిగా నిలబడ్డ రాతి స్తంభాలు కూడా ఉన్నాయి.

లోపలికి నడిచి వెళ్లే గుహ అరుదు. చాలావాటిని బయట నిలబడి చూడటమే మంచిది. ఈ మాట ముందే అనుకుని వెళ్తే సగం తప్పులు జరగవు.

## 2. రోజు ఎంచుకోవడం: గోడ క్యాలెండర్ చాలు

జాలర్లు పెరిగే నీటిని పోటు అంటారు, తగ్గే నీటిని పాటు అంటారు. ఇక్కడ పాటు సమయం అంటే నీరు పూర్తిగా దిగిన సమయం. విశాఖలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే ఈ రోజు 6:10కి పాటు ఉంటే రేపు దాదాపు 7 గంటలకు ఉంటుంది.

నీరు ఎంత దిగుతుందన్నది తిథిని బట్టి ఉంటుంది.

- అమావాస్య, పౌర్ణమి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు: పోటుకూ పాటుకూ తేడా సుమారు 1.4 మీటర్లు. రాళ్లు బాగా బయటపడతాయి.
- అష్టమి, నవమి దగ్గర: తేడా సుమారు అర మీటరే. తోరణం పాదాలు నీళ్లలోనే ఉండిపోవచ్చు.

అమావాస్య రోజుల్లో రాళ్లు బాగా తేలతాయి కదా అని అవే క్షేమమనుకోకండి. ఎంత కిందికి దిగిన నీరు అంత పైకీ ఎక్కుతుంది, వేగంగా కూడా ఎక్కుతుంది. ఆలస్యానికి చోటు లేని రోజులవి.

ఇక నెల. బంగాళాఖాతంలో సగటు నీటిమట్టం కూడా ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మన తీరంలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో బాగా తక్కువగా, అక్టోబర్, నవంబర్‌లలో బాగా ఎక్కువగా ఉంటుంది. ఒకే తిథి, ఒకే పాటు అయినా మార్చిలో నడిచిన రాయి నవంబర్‌లో మునిగి ఉండొచ్చు.

- డిసెంబర్ చివరి నుంచి మార్చి: అన్నిటికన్నా మంచి కాలం.
- ఏప్రిల్, మే: పొద్దున 9 లోపు ముగించండి. ఆ తర్వాత రాయి కాలుతుంది, మనిషి సోలిపోతాడు.
- జూన్ నుంచి సెప్టెంబర్: కెరటాలు పెద్దవి. రోడ్డు మీంచి చూడండి.
- అక్టోబర్, నవంబర్: తుఫాన్ల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న తీరం దాటింది విశాఖ దగ్గరే. వాయుగుండం వార్త వినబడితే ప్రయాణం వాయిదా వేయండి.

## 3. గంట ఎంచుకోవడం

పాటు సమయానికి అక్కడికి చేరుకోవడం అందరూ చేసే తప్పు. పాటు వేళకు మీరు చూడటం దాదాపు ముగించి ఉండాలి.

పద్ధతి ఇది:

1. విశాఖపట్నం రేవు పేరుతో ఉన్న పోటు పాట్ల పట్టికే చూడండి. కాకినాడ, చెన్నై పట్టికలు పనికిరావు.
2. సమయం భారత కాలమానంలోనే ఉందో లేదో సరిచూడండి. కొన్ని పట్టికలు గ్రీన్‌విచ్ సమయంలో ఉంటాయి. అలాంటి పట్టికను పొరపాటున మన సమయం అనుకుంటే తేడా ఐదున్నర గంటలు. పాటు అనుకుని సరిగ్గా పోటులోకి దిగుతారు.
3. పాటుకు రెండు గంటల ముందు రాళ్ల మీద అడుగు పెట్టండి.
4. పాటు దాటిన అరగంటకు వెనక్కి ఇసుక మీద ఉండండి.

ఉదాహరణకు పాటు 8:40కి ఉందనుకోండి. 6:40కి మొదలుపెట్టాలి, 9:10కి ముగించాలి. ఫోన్‌లో రెండు అలారాలు పెట్టండి: 8:30కి "తిరగండి", 9:00కి "నడవండి".

అరగంటే ఎందుకంటే నీరు ఒకే వేగంతో పెరగదు. మొత్తం ఎత్తును పన్నెండు వంతులు చేస్తే, మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు పెరుగుతుంది. 1.4 మీటర్ల పోటు రోజున మొదటి గంటలో పెరిగేది 12 సెంటీమీటర్లే. ఏమీ మారలేదనిపిస్తుంది. మూడో గంట ఒక్కదానిలోనే 35 సెంటీమీటర్లు ఎక్కుతుంది. "ఇంకా టైముంది" అనిపించే ఆ మొదటి గంటే మోసం చేస్తుంది.

ఇంకొకటి. సముద్రం ఎదురుగా పెరుగుతుందని మీరు చూస్తూ ఉంటారు. నీరు మాత్రం ముందు మీ వెనకున్న పల్లపు కాలువలను నింపుతుంది. మీరు నిలబడ్డ బండ పొడిగానే ఉంటుంది, ఒడ్డుకు వెళ్లే దారి తెగిపోతుంది. వెళ్లేటప్పుడు దాటిన ప్రతి పల్లాన్నీ గుర్తుపెట్టుకోండి. వాటిలో అన్నిటికన్నా లోతైనదే మీ గడియారం. అందులో నీరు మడమ దాటిందంటే, అలారం మోగకపోయినా బయల్దేరాలి.

## 4. అల ఎత్తు చూడటం

పాటు బాగున్నా అల బాగోకపోవచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ తీరం వెంబడి అలల సూచనలు, ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది. ముందు రోజు రాత్రి ఒకసారి, బయల్దేరే ముందు ఒకసారి చూడండి.

కిందివి మేం పాటించే హద్దులు:

- అల ఎత్తు 1 మీటరు లోపు: రాళ్ల మీద నడవొచ్చు.
- 1 నుంచి 1.5 మీటర్లు: ఇసుక మీంచి చూడటమే. గుహనోటి దగ్గరకు వద్దు.
- 1.5 దాటితే: రోడ్డు మీదే.
- కెరటానికీ కెరటానికీ మధ్య 14 సెకన్లు దాటితే: ఎత్తు తక్కువగా ఉన్నా వద్దు. దూరపు తుఫాను నుంచి వచ్చే ఈ పొడుగు అలలు చూడ్డానికి మెత్తగా ఉంటాయి, రాతి మీదకు మాత్రం చాలా దూరం ఎక్కుతాయి.

అక్కడికి చేరాక 15 నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చుని చూడండి. కెరటాలు గుంపులుగా వస్తాయి. చిన్నవి వరసగా వచ్చి, తర్వాత మూడు నాలుగు పెద్దవి వస్తాయి. ఆ పెద్దవాటిలో అన్నిటికన్నా పైకి తడిపినది ఎక్కడిదాకా వచ్చిందో గుర్తించి, అక్కణ్నుంచి ఇంకో రెండు మీటర్లు పైన మీ హద్దు గీసుకోండి. ఈ 15 నిమిషాలూ టీ తాగుతూ గడిపినా సరే, మానకండి.

## 5. ఎక్కడికి వెళ్లాలి

తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇదే. రోడ్డు దగ్గర, జనం ఉంటారు, ఏదైనా అయితే సాయం వెంటనే అందుతుంది. కైలాసగిరి కింది రాళ్లలో నెర్రెలు, కోతపడ్డ బండలు, నీటి గుంటలు కనిపిస్తాయి. పాకుడు రాయి మీద నడవడం ఇక్కడే నేర్చుకోండి.

మంగమారిపేట తోరణం. భీమిలి రోడ్డులో రుషికొండ దాటాక, తొట్లకొండ దిగువన. రైల్వే స్టేషన్ నుంచి భీమిలి వైపు వెళ్లే 900కె బస్సు ఈ రోడ్డు మీదే వెళ్తుంది. తోరణం ఒడ్డునే ఉంది కాబట్టి గుహనోళ్ల కన్నా చూడటం తేలిక. దాని మీదికి మాత్రం ఎక్కకండి, పిల్లల్ని ఎక్కించకండి. తోరణం పైభాగం ఎప్పుడో ఒకప్పుడు పడిపోయేదే. ఆ పనిలో మన బరువు సాయం అక్కర్లేదు.

యారాడ. కొండ ఎక్కి దిగే ఘాట్ రోడ్డు. అందమైన తీరమే, లాగుడు (మనిషిని ఒడ్డు నుంచి సముద్రంలోకి ఈడ్చే ప్రవాహం) కూడా అంతే ఎక్కువ. ఇక్కడ మునిగిపోయిన వార్తలు తరచూ వస్తుంటాయి. మొదటి ప్రయాణానికి వద్దు. డాల్ఫిన్స్ నోస్ వైపు నౌకాదళం ప్రాంతం. బోర్డు కనబడ్డచోట ఆగిపోవాలి. ఆ దిక్కున డ్రోన్ మాట తలపెట్టొద్దు, రక్షణ కట్టడాల ఫొటోలూ వద్దు.

అప్పికొండ. సోమేశ్వరస్వామి ఆలయం దగ్గరి తీరం, స్టీల్ ప్లాంట్‌కు దక్షిణంగా. రాళ్లు చాలా బాగుంటాయి, జనం తక్కువ. జనం తక్కువంటే సాయం కూడా తక్కువే. నలుగురికి తగ్గకుండా వెళ్లండి.

ఎర్రమట్టి దిబ్బలు. ఇది గుహల జాబితాలోకి రాదు. అయినా భీమిలి దాకా వెళ్లినవాళ్లు ఆగుతారు కాబట్టి ఒక మాట. ఇది రాయి కాదు, గట్టిపడ్డ ఇసుక. అంచు మీద నిలబడితే అంచే జారుతుంది. కాలువల్లోంచి నడవండి, గోడలు ఎక్కకండి, వాన వేళ అసలు దిగకండి.

ఏ తీరానికి వెళ్లినా దగ్గరి పేటలో ఒక మాట అడగండి. "ఈ రోజు నీళ్లెలా ఉన్నాయి బాబాయ్?" అంటే చాలు. వల సర్దుకుంటూనే చెప్తారు. పడవలు ఆ రోజు ఒడ్డునే ఉంటే, వివరం అడగనక్కర్లేదు.

## 6. సామాను

- లేసులున్న రబ్బరు సోలు బూట్లు. చెప్పులు, క్రాక్స్ వద్దు. అరిగిన సోలూ వద్దు.
- అరచేతికి రబ్బరు పూత ఉన్న గ్లవ్స్. ఆల్చిప్పల అంచు బ్లేడులా కోస్తుంది.
- తలకు హెల్మెట్. కొండలెక్కేవాళ్లది మేలు, లేకపోతే సైకిల్‌ది. గుహనోటి కిందికి వెళ్లేవాళ్లకు తప్పనిసరి.
- తలకు కట్టుకునే లైటు, విడిగా మరో టార్చి. పగలే అయినా సరే.
- 20 మీటర్ల తేలే తాడు, మూత బిగించిన ఖాళీ 5 లీటర్ల క్యాను.
- విజిల్ ఒక్కొక్కరికి ఒకటి. కెరటాల హోరులో అరుపు వినబడదు.
- మనిషికి 2 లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు.
- ఫోన్లకు నీరు చొరని సంచి.
- మందుల పెట్టె: గాజుగుడ్డ, యాంటిసెప్టిక్, పట్టకారు, ఫ్లాస్కులో వేడి నీళ్లు. వేడి నీళ్లెందుకో పదకొండో భాగంలో ఉంది.

ఫోన్‌లో 112, 108, తీర రక్షక దళం 1554 నంబర్లు. ఇంట్లో ఒకరికి "ఫలానా తీరం, ఫలానా గంటకు బయటికి వస్తాం" అని మెసేజ్. ఆ గంట దాటి అరగంటయినా ఫోన్ రాకపోతే ఏం చేయాలో కూడా ముందే చెప్పండి.

## 7. రాళ్ల మీద నడక

రంగు చూసి అడుగు వేయాలి. పొడిగా, గరుకుగా, లేత రంగులో ఉన్న రాయి పట్టు ఇస్తుంది. పచ్చ నాచు జారుతుందని అందరికీ తెలుసు. అసలు పడేసేది నల్లగా, తడిగా, నూనె రాసినట్టు మెరిసే పాకుడు. అది చూడ్డానికి మామూలు తడి రాయిలాగే ఉంటుంది.

- మూడు పట్లు: రెండు కాళ్లు, ఒక చేయి లేదా రెండు చేతులు, ఒక కాలు ఎప్పుడూ రాయిని పట్టి ఉండాలి.
- గెంతొద్దు. అడుగు అందకపోతే దారి మార్చండి.
- ఎక్కిన రాయిని దిగగలరా అని ముందే చూసుకోండి. ఎక్కడం కన్నా దిగడమే కష్టం.
- సముద్రానికి వీపు పెట్టొద్దు. సెల్ఫీ తీసుకునేవాడు చేసేది సరిగ్గా ఇదే.
- గుంటల్లో చెయ్యి పెట్టొద్దు. రాతి చేప రాయిలాగే ఉంటుంది, శంఖం ఆకారపు కోన్ నత్తలు విషంతో పొడుస్తాయి.

ఇప్పుడొక రాతి గోడ దగ్గర ఆగి కింది నుంచి పైకి చూడండి. అడుగున పచ్చటి నాచు, ఆల్చిప్పలు. వాటి పైన తెల్లగా, గరుగ్గా, చిన్న అగ్నిపర్వతాల్లాంటి గుల్లల పట్టీ. అవి బార్నకిల్స్, రాతికి అంటుకుని బతికే జీవులు. ఆ పైన నల్లటి మరకలాంటి పట్టీ, ఇంకా పైన పొడి రాయి.

బార్నకిల్స్‌కు తరచూ సముద్రపు నీరు తగలాలి, తగలకపోతే ఎండి చస్తాయి. కాబట్టి ఆ తెల్ల పట్టీ ఎక్కడిదాకా ఉందో నీరు తరచూ అక్కడిదాకా వస్తుందని అర్థం. అది మీ భుజం ఎత్తులో ఉంటే, మీరు నిలబడ్డ చోట కొన్ని గంటల్లో భుజాల్లోతు నీళ్లుండొచ్చు. నల్ల పట్టీ దాకా చిందు వస్తుంది. యాప్ తప్పవచ్చు గానీ ఈ పట్టీ తప్పదు.

## 8. గుహనోటి దగ్గర

లోపలికి వెళ్లే ముందు ఈ వరస:

1. ఒక మనిషి బయట, ఎత్తైన రాయి మీద ఉండాలి. అతని పని సముద్రం చూడటం ఒక్కటే. ఫొటోలు తీయడం కాదు.
2. విజిల్ లెక్క ఖాయం చేసుకోండి. ఒకటి: చూసుకో. మూడు: వెంటనే బయటికి.
3. పది కెరటాలు లెక్కపెట్టండి. వాటిలో ఒక్కటైనా గుహ వెనక గోడను తాకితే లోపలికి వద్దు.
4. చెవి పెట్టి వినండి. లోపల "ధబ్" మని మోత వచ్చి గాలి బయటికి తంతే, నెర్రెలో గాలి నొక్కుకుపోతోందని అర్థం. వెనువెంటనే నీరు కూడా అలాగే తన్నుతుంది.
5. పైకప్పు చూడండి. కింద పదునైన అంచులతో, గుల్లలు పట్టని తాజా రాళ్లు పడి ఉంటే అవి ఇటీవల ఊడినవి. వాన పడిన మర్నాడు ఇది మరీ ఎక్కువ.
6. ఇద్దరు మాత్రమే లోపలికి. పగటి వెలుగు కనబడేంత దూరమే. అయిదు నిమిషాలే.

గుహ గరాటులాంటిది. బయట మోకాలి ఎత్తున్న కెరటం సన్నటి నోట్లోకి దూరేసరికి ఛాతీ దాకా లేస్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లల్ని నోటి దాకా కూడా తీసుకెళ్లొద్దు.

## 9. రాయిని చదవడం

మన కొండలు ఎక్కువగా ఖోండలైట్ రాయి. తూర్పు కనుమల్లోని ఖోండ్ తెగ పేరు మీద వచ్చిన పేరు. తుప్పు రంగు, పొరలు పొరలుగా ఉంటుంది. దగ్గరగా చూస్తే దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి గింజలు కనబడతాయి, అవి గార్నెట్‌లు. నీలి బూడిద రంగులో, జిడ్డు మెరుపుతో ముద్దగా ఉన్నది చార్నకైట్. తెల్లగా రాతి మీంచి ఉబ్బినట్టున్న గీతలు క్వార్ట్జ్. చుట్టూ రాయి అరిగినా అది అరగదు, అందుకే పైకి తేలుతుంది.

నెర్రె ఎక్కడ మొదలైందో వెతకండి. దాదాపు ప్రతిసారీ అది పొర వెంటో, పాత పగులు వెంటో ఉంటుంది. రెండు పగుళ్లు కలిసేచోట గూడు పడుతుంది. గూడు లోతై గుహ అవుతుంది. రాతి కొమ్ముకు రెండు వైపులా తొలిచిన గుహలు కలిస్తే తోరణం. తోరణం పైకప్పు కూలితే మిగిలేది ఒంటరి స్తంభం.

పిల్లలు వెంట ఉంటే ఒక అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి తీసుకెళ్లండి. ఇసుకలో నల్లటి చారల మీద తిప్పితే మాగ్నెటైట్ రేణువులు మీసాల్లా లేస్తాయి. కవర్ విప్పితే రాలిపోతాయి. ఊదా ఎరుపు చారలు గార్నెట్ ఇసుక, అవి అంటుకోవు. చూశాక అక్కడే వదిలేయండి. పగడాలు, కొన్ని రకాల గవ్వలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. ఏది వస్తుందో ఏది రాదో ఒడ్డున నిలబడి తేల్చుకోవడం కష్టం, ఏదీ ఏరకపోవడం తేలిక.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్లవారక ముందే చేరుకుంటే ఇసుక మీద టార్చి కిందికి వంచి పట్టండి.

## 10. తప్పు జరిగితే

దారి తెగిపోయింది. ఈదడానికి దిగకండి. తెల్ల పట్టీ, నల్ల పట్టీ రెండూ దాటి పైకెక్కి కూర్చోండి. 112కి, 1554కి చెప్పండి. నీరు దిగడానికి ఆరేడు గంటలు పట్టొచ్చు. ఎండలో కూర్చోవడం కష్టమే, ఈదడం మాత్రం ప్రాణం మీదికి రావచ్చు.

మనిషి నీళ్లలో పడ్డాడు. వెనకాలే దూకొద్దు. ఖాళీ క్యానుకు తాడు కట్టి అతనికి అవతలి వైపు పడేలా విసరండి. రాళ్లకు దూరంగా, కెరటం విరిగే చోటుకు అవతలికి వెళ్లి వెల్లకిలా తేలమని చెప్పండి. రాతి అంచు పట్టుకుని ఎక్కాలని చూసేవాణ్ని తర్వాతి కెరటం అదే రాతికేసి కొడుతుంది.

ఇసుక తీరంలో లాగుడు పట్టింది. ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడాలి.

## 11. దెబ్బలకు

- గుల్లలు కోసుకుంటే: మంచినీళ్లు, సబ్బుతో బాగా కడిగి, లోపలి గుల్ల ముక్కలు తీసి యాంటిసెప్టిక్ రాయండి. టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టర్‌ను అడగండి. మర్నాటికి చుట్టూ ఎర్రబడి పాకుతుంటే ఆలస్యం వద్దు.
- సీ అర్చిన్ (ఒళ్లంతా ముళ్లుండే సముద్ర జీవి) ముల్లు: ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, అంటే దాదాపు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచండి. తర్వాత పట్టకారుతో. ముల్లును నలిపితే లోపలే విరుగుతుంది. ఫ్లాస్కు నీళ్లు సరాసరి పోయొద్దు. ముందు దెబ్బ తగలని చేయి పెట్టి చూసుకోండి, నొప్పిలో కాలినా తెలియదు.
- జెల్లీ చేప: సముద్రపు నీటితోనే కడగండి. మంచినీళ్లు పోయొద్దు, ఇసుకతో రుద్దొద్దు.
- రాతి చేప గుచ్చితే: వేడి నీళ్లలో ఉంచి వెంటనే 108.
- కోన్ నత్త పొడిస్తే, సముద్రపు పాము కరిస్తే: నొప్పి లేకపోయినా సరే, ఆ చేతిని లేదా కాలిని కదలకుండా కట్టి, నడిపించకుండా మోసుకుని ఆస్పత్రికి.

ఇంటికొచ్చాక బూట్లు, తాడు, లైటు మంచినీళ్లలో ఓ గంట నానబెట్టి నీడలో ఆరేయండి. ఉప్పు పట్టిన తాడు బిరుసెక్కుతుంది, లైటు బ్యాటరీ అడుగున పచ్చగా తుప్పు పడుతుంది. ఇంట్లో మెసేజ్ పెట్టినవాళ్లకు "వచ్చేశాం" అని చెప్పడం చాలామంది మర్చిపోతారు, వాళ్లు 112కి ఫోన్ చేసేదాకా.